తొంభై నలుగురి ఊరికి దారి



ఈ నెల మిమ్మల్ని ఒక ప్రయాణానికి తీసుకువెళ్లాలని ఉంది. యెరూషలేముకు కాదు, బేత్లెహేముకు కాదు. విశాఖపట్నానికి వంద కిలోమీటర్లలోపు ఉన్న ఒక కొండ ఊరికి. అది అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలంలో ఉంది. ఊరి పేరు వ్రాయడం లేదు. అక్కడి కుటుంబాల సొంత సంగతులు కొన్ని చెప్పవలసి వస్తుంది గనుక పేరు చెప్పకపోవడమే మర్యాద. మీ ప్రాంతంలోనూ ఇటువంటి ఊరు ఒకటి ఉండే ఉంటుంది. ఆ ఊరి పేరే పెట్టుకొని చదవండి.

నేను కొండ దిగువన, శృంగవరపుకోట వైపు ఒక చిన్న సంఘంలో పరిచర్య చేస్తున్నాను. ఆ కొండ ఊరికి తొమ్మిదేళ్లుగా వెళ్లి వస్తున్నాను. అయితే మొదటి ఆరేళ్లూ జూన్ నుండి అక్టోబరు వరకు వెళ్లేవాణ్ణి కాను. "వర్షాకాలంలో అందుబాటులో లేని గ్రామము" అని నా రిజిస్టరులో వ్రాసుకున్నాను. ఆ మాట వ్రాసినప్పుడు నాకు తప్పుగా తోచలేదు.

2025 నవంబరులో ఊరి పెద్ద కబురు పంపాడు. రోడ్డు కావాలని ఎక్కడ అడిగినా మొదట "మీ ఊళ్లో జనం ఎంత?" అని అడుగుతున్నారట. ఒకరు తొంభై అంటే ఇంకొకరు నూట ఇరవై అంటున్నారట. "మీరొచ్చి ఇల్లిల్లూ తిరిగి రాసిపెట్టండి అయ్యగారూ" అన్నాడు. మా సంఘంలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకరున్నారు. ఆయనను వెంటబెట్టుకొని, ఒక పొడుగు నోటుపుస్తకం, రెండు పెన్నులు తీసుకొని బయలుదేరాను.

రాయి కొరకు వేసిన రైలు

శృంగవరపుకోట స్టేషనులో కిరండూల్ వెళ్లే పాసింజరు రైలు ఎక్కాము. విశాఖపట్నంలో ఎక్కిన యాత్రికులతో పెట్టె నిండిపోయి ఉంది. వాళ్లలో చాలామంది బొర్రా గుహలకో, అరకుకో వెళ్తున్నారు. పిల్లలు కిటికీల దగ్గర చేరారు. బొడ్డవర దాటాక రైలు కొండ ఎక్కడం మొదలుపెట్టింది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి అని ఒక్కొక్క స్టేషను వస్తుంటే లోయ కిందికి జారిపోతూ ఉంటుంది. సొరంగం వచ్చిన ప్రతిసారీ పిల్లలు కేకలు వేశారు.

ఈ మార్గం ఎందుకు వేశారో చాలామందికి తెలియదు. బస్తరు ప్రాంతంలో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో బైలదిల్లా అనే కొండలున్నాయి. అక్కడ దొరికే ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చి, ఓడలమీద జపాను పంపడానికి 1960వ దశకంలో ఈ లైను నిర్మించారు. యాభైకి పైగా సొరంగాలు తొలిచారు. ఈ దారిలోని శిమిలిగూడ స్టేషను సముద్ర మట్టానికి సుమారు 996 మీటర్ల ఎత్తున ఉంది. కొండలు తొలిచి, లోయలమీద వంతెనలు కట్టి, ఒక రాయిని సముద్రానికి చేర్చారు. దాని వెనుక పాసింజరు రైలు కూడా వచ్చింది. ఈ కొండల్లోని వేలమందికి అది ఈనాటికీ ఆసరా. తిరుగు రైలులో చూడండి, అడ్డాకుల కట్టలు, కొండచీపుళ్లు, పనసకాయలు, సీతాఫలాల గంపలు ఎక్కుతాయి. వాటి యజమానులు తలుపు దగ్గర కూర్చొని దిగువకు వస్తారు.

ఆ సంగతి చెబితే మాస్టారు కొంతసేపు కిటికీలోనుంచి చూసి, "అంటే పాస్టరు గారూ, దారి వేయడం చేతకాక కాదన్నమాట" అన్నారు. ఆయన చెప్పినది నిజమే. సరుకు విలువను బట్టి దారి వస్తుంది. మరి మనుషుల విలువను దేనినిబట్టి కడతారు? ఆ రోజంతా నేను ఆ ప్రశ్నతోనే నడిచాను.

తొమ్మిది కిలోమీటర్లు

చిన్న స్టేషనులో దిగాము. మాకొరకు ఊరి నుండి ఇద్దరు యువకులు వచ్చారు. వారి వెంట ఒక గుర్రం ఉంది. మా కొండల్లో గుర్రం వేడుకకు కాదు, బరువుకు. డిపోలో ఇచ్చిన బియ్యం రెండు బస్తాలు దానిమీద వేశారు. మా సంచులు వాళ్లే మోసుకున్నారు.

స్టేషను నుండి ఊరికి తొమ్మిది కిలోమీటర్లు. మొదటి రెండు కిలోమీటర్లు రోడ్డు. ఆటో వస్తుంది. తరువాత మూడు కిలోమీటర్లు ఊరివారు ఉపాధి పనిలో తవ్వుకున్న మట్టిదారి. ఎండాకాలంలో జీపు కష్టంమీద ఎక్కుతుంది, రెండు వానలు పడితే ఎక్కదు. చివరి నాలుగు కిలోమీటర్లు కాలిబాటే. మధ్యలో మూడు వాగులు. నవంబరు గనుక నీరు మోకాలి లోపే ఉంది. వాలులమీద వలిసె చేలు పసుపు పరచినట్లు పూసి ఉన్నాయి. వెండి ఓకు చెట్లకు మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. చూసేవారికి అది స్వర్గమే. మాస్టారు రెండుచోట్ల ఫోటో తీయడానికి ఆగారు. మూడవ వాగు దగ్గర మాత్రం ఆ యువకులలో పెద్దవాడు ఆగి, చెప్పులు విప్పి, ఏమీ మాట్లాడకుండా దాటాడు. నేనూ అలాగే దాటాను. ఎందుకో మాస్టారుకు అప్పుడు తెలియదు. మీకు ఇప్పుడే చెబుతాను.

మూడవ వాగు

2022 ఆగస్టులో ఒక రోజు నేను కొండ మధ్యలో ఉన్న వేరొక ఊరిలో మరణ కూడికకు వెళ్లి, వాన వలన అక్కడే చిక్కుకున్నాను. సాయంత్రం పై దారిలో కేకలు వినబడ్డాయి. ఈ ఊరి కోడలు ఒకామెకు నొప్పులు మొదలై రెండవ రోజు. పొడుగాటి కర్రకు దుప్పటి ఉయ్యాలలా కట్టి, అందులో ఆమెను పడుకోబెట్టి మోసుకొస్తున్నారు. దీనినే డోలీ అంటారు. నేను కూడా పరుగెత్తి కలిశాను.

108 అంబులెన్సు మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. ఎన్ని ప్రాణాలు కాపాడిందో లెక్కలేదు. ఆ రోజు కూడా ఫోను అందగానే బయలుదేరి, చెప్పిన చోటికి వచ్చి నిలిచింది. కాని చక్రం తిరగగలిగినంత వరకే అది రాగలదు. అక్కడికి మేము చేరాలి. మధ్యలో వాగు నడుము లోతున పారుతోంది.

ముందు కర్ర కొంతసేపు నేను మోశాను. నా బూట్లు బురదలో జారి రెండుసార్లు మోకాళ్లమీద పడ్డాను. పట్టణపు బూట్లు వేసుకొని కొండ ఎక్కినవాడు ఎవరికీ సాయం కాలేడు. ఒక కుర్రవాడు నా చేతిలోనుండి కర్ర తీసుకొని, "మీరు దీపం పట్టుకోండి అయ్యగారూ" అన్నాడు. దీపం పట్టుకున్నాను. మూడవ వాగు ఒడ్డున, చెట్టు కింద, ఆ తల్లి ప్రసవించింది. మగబిడ్డ. ఏడవలేదు. తల్లిని మాత్రం వాగు దాటించి అంబులెన్సుకు చేర్చారు. ఆమె బ్రతికింది.

పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చి, పైకప్పు విప్పి ప్రభువు ముందు దింపిన సంగతి నేను ఎన్నిసార్లో ప్రసంగించాను. మోసేవారి భుజం ఎలా ఉంటుందో ఆ రాత్రి దాకా నాకు తెలియదు. ఆ ఊరు "అందుబాటులో లేని గ్రామము" అని వ్రాసుకున్నది ఎవరు? నేనే. వాళ్లు ప్రతి వారం దిగి మన దగ్గరకు వస్తూనే ఉన్నారు. అందుబాటులో లేనిది మనమే.

ఇల్లిల్లూ లెక్క

ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఇరవైమూడు ఇళ్లు రెండు వరుసలుగా ఉన్నాయి. కొన్ని రేకులవి, కొన్ని పెంకుటిళ్లు. నడుమ చదునుగా అలికిన వాకిలి. చోడి అంబలి ఇచ్చారు. తాగి పని మొదలుపెట్టాము.

మొదటి ఇంటి అరుగుమీద ఒక ముసలమ్మ చీపురు కడుతోంది. మాస్టారు పుస్తకం తెరవగానే నవ్వింది. "మమ్మల్ని లెక్కెట్టి ఏటి సేస్తారు బాబూ? ఓట్లప్పుడు లెక్కెడతారు, తుపానొస్తే లెక్కెడతారు. వాగులు మాత్రం మేమే లెక్కెట్టుకుంటాం" అంది. అయినా తన పేరు, కొడుకు పేరు, కోడలి పేరు, మనుమల పేర్లు వరుసగా చెప్పింది. చిన్న మనుమరాలి వయసు చెప్పేటప్పుడు "ఆ పెద్ద వాన సంవత్సరంలో పుట్టింది" అంది. మాస్టారు ఆ గుర్తు పట్టుకొని సంవత్సరం వ్రాసుకున్నారు.

సాయంత్రానికి ఇరవైమూడు ఇళ్లూ అయ్యాయి. ఊరిలో ఆ రోజు ఉన్నవారు తొంభై నలుగురు.

"అంతేనా?" అన్నాను.

మాస్టారు పుస్తకం తిప్పి ఇంకొక పేజీ చూపించారు. రెండు ఇళ్లకు తాళాలున్నాయి. ఆ తొమ్మిదిమంది ఇటుక బట్టీల పనికి దిగువకు వెళ్లారు, వేసవి చివరకు గాని రారు. పద్నాలుగుమంది పిల్లలు ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉన్నారు. ఊరిలో పాఠశాల నడవక, రోజూ వాగులు దాటి పంపలేక, తల్లిదండ్రులే పంపారు. తొంభై నాలుగుకు తొమ్మిది, పద్నాలుగు కలిపితే నూట పదిహేడు.

"చూశారా పాస్టరు గారూ, రెండు లెక్కలూ నిజమే. ఊళ్లో తగాదా పడినవాళ్లలో అబద్ధం చెప్పినవాడు లేడు" అన్నారు మాస్టారు.

జనగణన ఎలా జరుగుతుంది?

ఇక్కడ కొంచెం ఆగి, పాఠకులకు కొన్ని సంగతులు వివరించాలి. మన గ్రామాలవారికి ఇవి ఉపయోగపడతాయి.

మన దేశంలో మొదటి జనగణన 1872లో జరిగింది. దేశమంతటా ఒకేసారి, పదేళ్లకొకసారి లెక్కించే పద్ధతి 1881లో ప్రారంభమైంది. 2011 జనగణన నాటికి దేశంలో ఆరు లక్షల నలభై వేలకు పైగా గ్రామాలున్నాయి. కాని జనగణనలో గ్రామమంటే రెవిన్యూ గ్రామము. దాని కింద నాలుగైదు గూడేలున్నా అన్నిటి జనమూ ఒకే అంకెలో కలిసిపోతుంది. కనుక మనం చెప్పుకుంటున్న ఊరి పేరు జనాభా లెక్కల పుస్తకంలో వెదికితే విడిగా దొరకదు.

రెండవ సంగతి. 2011లో ఇంటింటికీ వచ్చి లెక్క వ్రాసుకున్నది ఫిబ్రవరి 9 నుండి 28 వరకు. ఆ రోజులన్నిటిలోనూ ఇంటికి రానివారిని ఆ ఊరి లెక్కలో వేయరు. వారెక్కడ ఉంటే అక్కడ లెక్కిస్తారు. హాస్టలు పిల్లలను హాస్టలులోనే లెక్కిస్తారు. ఇది అన్యాయమైన నియమం కాదు. ఒక మనిషిని రెండుసార్లు లెక్కించకుండా ఉండడానికి అలా పెట్టారు. కాని ఫిబ్రవరి నెల ఇటుక బట్టీలు జోరుగా నడిచే కాలం. కనుక పేద ఊరి అంకె ఉన్నదానికంటె చిన్నదిగా కనబడుతుంది.

మూడవ సంగతి. ఈ అంకెతోనే రోడ్డు ముడిపడి ఉంది. 2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో, మైదాన ప్రాంతాలలో 500 మంది, కొండ, గిరిజన, ఎడారి ప్రాంతాలలో 250 మంది ఉన్న ఆవాసాలకు అన్ని కాలాల్లోనూ నడిచే రోడ్డు వేయాలని నియమం. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నాలుగవ దశలో కూడా 500, 250 అంకెలే ఉన్నాయి. తీవ్రవాద ప్రభావిత జిల్లాలలో 100. దానికి 2011 జనాభాను ఆధారంగా తీసుకున్నారు. ఆ దశలో ఇరవై అయిదు వేల ఆవాసాలకు దారి కల్పించాలని, అరవై రెండున్నర వేల కిలోమీటర్ల రోడ్లు వేయాలని లక్ష్యం. ఇది చిన్న పని కాదు, మెచ్చుకోవలసినదే.

అయితే గీత ఎక్కడ గీసినా దాని కింద ఎవరో ఒకరు మిగులుతారు. అక్కడే చిక్కు. జనం తక్కువ గనుక రోడ్డు రాదు. రోడ్డు లేదు గనుక జనం తగ్గుతారు. బడి కొరకు పిల్లలు, పని కొరకు పెద్దలు దిగిపోతారు. ఊరి పెద్ద తన కొడుకు పెండ్లి సంగతి చెబుతూ, "దారి నేని ఊరికి పిల్లనెవులిస్తారు అయ్యగారూ?" అన్నాడు. మూడు సంబంధాలు చూడవచ్చినవారు రెండవ వాగు దగ్గరనుండే వెనుకకు తిరిగిపోయారట. నవ్వుతూనే చెప్పాడు. కొడుకు మాత్రం నవ్వలేదు. పనసకాయ మోసుకెళ్లి సంతలో దింపినవాడు, దానిని తిరిగి కొండకు మోసుకుపోలేడు. అందుచేత వర్తకుడు చెప్పిందే ధర. సిమెంటు బస్తా ఊరు చేరేసరికి మోత కూలి కూడా దాని ధరలో చేరుతుంది. దారి లేకపోవడమంటే నడక కష్టం మాత్రమే కాదు. కొన్నప్పుడూ నష్టం, అమ్మినప్పుడూ నష్టం.

పై ఊరు, కింది ఊరు

రాత్రి భోజనం తరువాత వాకిట్లో మంట చుట్టూ కూర్చున్నాము. మాస్టారు తన సంచిలోనుండి ఒక కాగితం తీశారు. సడక్ యోజన నిబంధనలలో ఒక మాట ఉంది. కొండ ప్రాంతంలో కాలిబాటన ఒకటిన్నర కిలోమీటరు లోపు ఉన్న ఆవాసాలను కలిపి ఒకటిగా లెక్కించవచ్చు.

"పై ఊరు ఎంత దూరం?" అని అడిగారు.

ఎవరూ మాట్లాడలేదు. పై ఊరు కిలోమీటరుంపావు కూడా ఉండదు. అక్కడి కోడి కూస్తే ఇక్కడ వినబడుతుంది. కాని ఆరేళ్లుగా రెండు ఊళ్లకూ మాటలు లేవు. ఊట నీరు పైపు వేసుకొని కిందికి తెచ్చుకుంటే, ఒక వేసవిలో పై ఊరివారు దానిని మళ్లించారు. కిందివారు వెళ్లి పైపు విరగ్గొట్టారు. దెబ్బలాట అయింది. అప్పటినుండి పెండ్లిళ్లకు, పండుగలకు కూడా పిలుపులు లేవు. నేను రెండు ఊళ్లకూ వెళ్తూ, ఒక ఊరి మాట ఇంకొక ఊరిలో ఎత్తకుండా జాగ్రత్తపడ్డాను. అది శాంతి అనుకున్నాను. నిజానికి అది నా పిరికితనం.

"వాళ్లతో కలిసి అడగడం కంటె డోలీ మోసుకోవడమే నయం" అన్నాడు ఒక పెద్దాయన.

అప్పుడు ఆడవారి వైపునుండి ఒక గొంతు వినబడింది. 2022లో వాగు ఒడ్డున బిడ్డను పోగొట్టుకున్న తల్లి. ఆమె పదిమందిలో మాట్లాడటం నేనెన్నడూ వినలేదు.

"మావా, ఆ రాత్రి నన్ను మోసినోళ్లు ఎవులు? మనోళ్లు నలుగురు. రెండో వాగు కాడ బుజాలు పోయి కూలబడిపోనారు. అక్కడినుండి మోసినోళ్లు పై ఊరి కుర్రాళ్లు. కేకలినొచ్చి పరుగెత్తుకొచ్చినారు. పైపు సంగతి అప్పుడు ఎవులికీ గురుతుకు రానేదు" అంది.

నా చేతిలోనుండి కర్ర తీసుకొని దీపం ఇచ్చిన కుర్రవాడు ఏ ఊరివాడో ఆ రాత్రి దాకా నాకు తెలియదు. అడగాలని కూడా నాకు తోచలేదు.

చాలాసేపు మంట చిటపటలు తప్ప ఏమీ వినబడలేదు. తరువాత ఆ పెద్దాయన లేచి వెళ్లిపోయాడు. కోపంతో వెళ్లాడనుకున్నాము. తెల్లవారేసరికి ఆయనే పై ఊరి దారిలోనుండి దిగి వచ్చాడు. వెనుక పదడుగుల దూరంలో పై ఊరి పెద్ద. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. పై ఊరి పెద్ద అరుగు చివరన కూర్చొని, మాస్టారుతో, "మా ఊళ్లో కూడా రాయండి" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట లేదు.

మేము పైకి వెళ్లి వ్రాశాము. ముప్పై ఒకటి ఇళ్లు. ఊరిలో ఉన్నవారు నూట ఇరవై ఎనిమిదిమంది. బట్టీలకు, హాస్టళ్లకు వెళ్లినవారు ఇరవై నలుగురు. మొత్తం నూట యాభై రెండు. మాస్టారు చెట్టు కింద కూర్చొని రెండు ఊళ్ల లెక్కలూ కలిపారు. ఊళ్లలో ఉన్నవారిని మాత్రమే కలిపితే రెండువందల ఇరవై రెండు. బయటకు వెళ్లినవారిని కూడా చేర్చితే రెండువందల అరవై తొమ్మిది. ఒక లెక్క గీతకు కింద, ఒక లెక్క గీతకు పైన.

వంద గొర్రెలున్న కాపరి తొంభై తొమ్మిదింటితో సరిపెట్టుకోలేదని మనకు తెలుసు. లెక్క పెట్టడం ప్రేమలో ఒక భాగమని ఆ చెట్టు కింద నాకు అర్థమైంది. లెక్క తెలియనివాడికి తప్పిపోయినది ఎవరో కూడా తెలియదు.

ఇప్పుడు ఏమి చేయాలి?

రెండు ఊళ్లవారూ కలిసి గ్రామసభలో తీర్మానం చేయాలని నిర్ణయించుకున్నారు. షెడ్యూల్డు ప్రాంతాలలో గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం ప్రత్యేకమైన స్థానం ఇచ్చింది. దారి అడవి భూమిలోనుండి పోవాలంటే ఇంకొక అడ్డంకి వస్తుంది. దానికి కూడా మార్గముంది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, గ్రామసభ సిఫారసు ఉంటే, రోడ్డు, బడి, తాగునీరు వంటి ఊరి అవసరాలకు ఒక్కొక్క పనికి ఒక హెక్టారు లోపు అటవీ భూమిని ఇవ్వవచ్చు. హెక్టారుకు డెబ్బై అయిదు చెట్లకు మించి కొట్టకూడదు. ఈ సంగతి తెలియక "అది అడవి, రోడ్డు రాదు" అని ఆశ వదులుకున్న ఊళ్లు నేను చూశాను.

2021లో జరగవలసిన జనగణన కోవిడ్ వలన ఆగిపోయింది. తరువాతి జనగణనకు 2027 మార్చి 1ని ఆధార తేదీగా ప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించింది. కనుక పాఠకులకు, ముఖ్యంగా పల్లె సంఘాల పెద్దలకు నా మనవి ఇది. మీ గూడెంలో ఇల్లిల్లూ తిరిగి పేర్లు వ్రాసి ఉంచండి. ఊరిలో ఉన్నవారు, వలస వెళ్లినవారు, హాస్టలులో ఉన్నవారు అని మూడు వరుసలు వేరువేరుగా వ్రాయండి. లేనివారిని ఉన్నారని వ్రాయమని నేను చెప్పడం లేదు. అబద్ధపు అంకెమీద వేసిన రోడ్డు మనకు వద్దు. కాని బట్టీలకు వెళ్లినవారు లెక్క వ్రాసే రోజులలో ఇంటికి వచ్చేలా ముందుగానే కబురు పంపండి. జనసంఖ్యలో వ్రాయించుకోవడానికి యోసేపు నిండు గర్భిణియైన మరియను వెంటబెట్టుకొని నజరేతు నుండి బేత్లెహేము వరకు వెళ్లాడు. మనవాళ్లు ఒక రోజు బస్సు ప్రయాణం చేయలేరా?

గర్భిణులున్న ఇళ్లవారు వానలకు ముందే, నెలలు నిండకముందే, దిగువన ఆసుపత్రికి దగ్గరగా ఉండే ఏర్పాటు చేసుకోండి. సాలూరులో గిరిశిఖర గ్రామాల గర్భిణుల కొరకు ఐటిడిఎ వసతి గృహం నడిపింది. అటువంటిది దగ్గరలో లేకపోతే, రోడ్డు పక్కన ఇల్లున్న విశ్వాసులు ఒక గది ఇవ్వలేరా? మా సంఘంలో ఇద్దరు ఇచ్చారు. ఒక గదిలో 2025 వర్షాకాలంలో ఒక బిడ్డ పుట్టడానికి ముందు పన్నెండు రోజులు తల్లి ఉంది. ఆ బిడ్డ ఏడుపు నేను విన్నాను. బాగా పెద్ద గొంతు.

తిరుగు ప్రయాణంలో మూడవ వాగు దగ్గర మాస్టారు తనంతట తానే ఆగి చెప్పులు విప్పారు. ముందు రాత్రి ఆమె మాట్లాడినప్పుడే ఆయనకు అంతా అర్థమైంది. స్టేషనులో రైలు కొరకు చూస్తుండగా ఒక గూడ్సు బండి ఖనిజంతో మా ముందునుండి దిగువకు పోయింది. పెట్టెలు లెక్కపెట్టాలని చూశాము గాని, మధ్యలో లెక్క తప్పింది.

ఈ వ్యాసం వ్రాసే నాటికి రోడ్డు రాలేదు. తీర్మానం వ్రాసి ఇచ్చారు. ఊట నీటికి రెండు ఊళ్లూ కలిసి కొత్త పైపు వేసుకున్నాయి. ఇంటికి వచ్చాక నా పాత రిజిస్టరు తీశాను. "వర్షాకాలంలో అందుబాటులో లేని గ్రామము" అన్న మాట కొట్టివేసి, దాని పక్కన మాస్టారి పుస్తకంలోని రెండువందల అరవై తొమ్మిది పేర్లూ ఎక్కించాను. ఆ పని పూర్తి కావడానికి రెండు రాత్రులు పట్టింది. వానలు వచ్చినా వెళ్లగలిగేలా ఈసారి బూట్లు మార్చుకున్నాను.